ఆదివారం టోర్నమెంట్లు, మన కుర్రాళ్ల మోకాళ్లు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక బెంగళూరు పుటల్లో సోమవారం నాడు వచ్చే స్థానిక క్రీడా వార్తలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. మారతహళ్లి, కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్లు జిల్లా పేరుతోనో ఊరి పేరుతోనో జట్లు కట్టుకుని ఆడే వాలీబాల్ టోర్నమెంట్లకు మీరు చోటిస్తున్నందుకు చాలా సంతోషం. అయితే ఆ వార్తల్లో ఒక మెచ్చుకోలు తరచుగా కనబడుతోంది. మోకాలి నొప్పి వేధిస్తున్నా ఇంజెక్షన్ వేయించుకుని ఫైనల్‌లో దిగాడనీ, జట్టుకు కప్పు తెచ్చిపెట్టాడనీ రాస్తున్నారు. పక్కనే మోకాటికి నల్ల పట్టీ బిగించుకున్న ఆటగాడి ఫొటో వేస్తున్నారు. ఈ నగరంలో క్రీడాగాయాలకు ఫిజియోథెరపీ చేయడం నా వృత్తి. అలా ఆడినవారు కొందరు కొన్ని నెలల తరువాత మా దగ్గరికి వస్తారు. అప్పటికి వాళ్లు స్మాష్ మాట అటుంచి, ఆఫీసు మెట్లు దిగడానికే రెయిలింగ్ పట్టుకుంటూ ఉంటారు. అలాంటి ఆటను సాహసంగా చూపడం మానుకోవాలని మిమ్మల్ని, ఒక్క రోజులో ఒక ఆటగాడి చేత ఎన్ని సెట్లు ఆడిస్తున్నామో లెక్క చూసుకోవాలని టోర్నమెంట్ల నిర్వాహకులను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

వాలీబాల్‌లో మోకాలికి వచ్చే బాధలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి వారాల తరబడి మెల్లగా ముదిరేది. రెండోది ఒక్క క్షణంలో జరిగిపోయేది. రెంటికీ వైద్యం వేరు, గడువు వేరు. మన వాడుకలో మాత్రం ఏ మోకాలు నొప్పి పెట్టినా గుజ్జు అరిగిందనో, లిగమెంట్ పోయిందనో తేల్చేస్తారు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి గుజ్జు అరగడమేమిటని అడిగేవారుండరు.

మెల్లగా ముదిరేదాన్ని జంపర్స్ నీ, అంటే ఎగిరేవారి మోకాలు, అంటారు. తొడ ముందువైపు ఉండే పెద్ద కండరం మోకాటి చిప్పను పట్టుకుని ఉంటుంది. ఆ చిప్ప కింది కొస నుంచి కాలి ఎముక దాకా ఒక గట్టి పట్టీ దిగుతుంది. అదే పటెల్లార్ టెండాన్. ఎగిరేటప్పుడు తొడలో పుట్టిన బలం కాలికి చేరేది దీని గుండానే. నేల మీదికి దిగేటప్పుడు ఒంటి బరువును ఆపే భారం ఎక్కువగా పడేదీ దీని మీదే. స్మాష్ కొట్టి దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకు అనేక రెట్ల లాగుడును ఇది తట్టుకోవాలి. బ్లాక్‌కు ఎగరాలి, జంప్ సర్వ్‌కు ఎగరాలి, లిఫ్టర్ అయితే బంతి అందించడానికి కూడా ఎగరాలి. మధ్యలో కోలుకునే వ్యవధి దొరికితే టెండాన్ ఆ లాగుడుకు తగ్గట్టు గట్టిపడుతుంది. దొరకకపోతే దానిలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అమరిక చెదిరి, చిప్ప కింది కొస దగ్గర కొంత భాగం బలహీనపడుతుంది. ఇది వాపు కంటే శిథిలమయ్యే స్వభావం ఎక్కువగా ఉన్న జబ్బు. వాపు తగ్గించే మాత్రలు నాలుగు రోజులు ఊరటనిచ్చినా జబ్బును నయం చేయలేకపోవడానికి కారణం ఇదే.

దీనిలో మోసం ఏమిటంటే, మొదటి దశలో ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు నొప్పి మాయమవుతుంది. ఒళ్లు వేడెక్కితే అదే పోతుందని ఆటగాడు నమ్ముతాడు. ఆ రాత్రో, మరునాడు పొద్దునో మంచం దిగేటప్పుడు మళ్లీ పట్టుకుంటుంది. అలా రెండు మూడు నెలలు నెట్టుకొచ్చాక, ఆట మధ్యలో కూడా నొప్పి వదలని స్థితి వస్తుంది. ఇంజెక్షన్ ఆలోచన మొదలయ్యేది అప్పుడే.

ఇది ఎంత సాధారణమైన బాధో చెప్పడానికి నార్వే నుంచి 2005లో వెలువడిన అధ్యయనం ఒకటి చాలు. తొమ్మిది క్రీడలకు చెందిన ఆరు వందల మందికి పైగా అగ్రశ్రేణి క్రీడాకారులను పరీక్షించగా, వాలీబాల్ ఆటగాళ్లలో దాదాపు 45 శాతం మందికి, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో దాదాపు 32 శాతం మందికి జంపర్స్ నీ కనబడింది. సైకిల్ పోటీల్లో పాల్గొనేవారిలో ఒక్కరికీ లేదు. అదే దేశంలో వాలీబాల్ శిక్షణ పాఠశాలలో చదివే యువ ఆటగాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రచురించిన ఫలితాలు మన టోర్నమెంట్లకు ఇంకా సూటిగా తగులుతాయి. ప్రాక్టీసు గంటలు పెరిగితే ప్రమాదం పెరుగుతుంది, నిజమే. కానీ వారానికి ఆడే మ్యాచ్ సెట్ల సంఖ్య పెరగడం అంతకంటే బలమైన కారణంగా తేలింది. ఆ పరిశోధకులే గుర్తించిన విచిత్రం మరొకటి ఉంది. ఎవరు ఎక్కువ ఎత్తు ఎగరగలరో వారికే ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. బాగా ఎగిరేవాడు దిగేటప్పుడు పడే బరువూ ఎక్కువే, పైగా కీలకమైన ప్రతి బంతినీ లిఫ్టర్ అతనికే అందిస్తాడు.

ఇప్పుడు మన ఆదివారాల సంగతి చూడండి. అనంతపురం, కడప, మదనపల్లె ప్రాంతాల నుంచి వచ్చిన ఈ కుర్రాళ్లలో చాలామంది ఊళ్లో ఉన్నప్పుడు బడి మైదానంలోనో, గుడి వెనక ఖాళీ స్థలంలోనో సాయంత్రం పూట గంటో గంటన్నరో ఆడేవారు. నీళ్లు చల్లి చదును చేసుకున్న ఎర్రమట్టి కోర్టు, రోజూ కొంచెం కొంచెం ఆట. బెంగళూరు వచ్చాక సోమవారం నుంచి శుక్రవారం దాకా కుర్చీలోనో, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లోనో గడిచిపోతుంది. శనివారం నిద్ర. ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద ఫైనల్ దాకా ఆట. వారానికి సరిపడా ఎగురుళ్లు ఒక్క పగటిలో మోకాలి మీద పడతాయి. నాకౌట్ పద్ధతి కాబట్టి, ఓడిన జట్టు మధ్యాహ్నానికి ఇంటికి పోతుంది, గెలిచిన జట్టు ఆడుతూనే ఉంటుంది. అంటే ఉత్తమ ఆటగాడి మోకాలికే అన్నిటికంటే ఎక్కువ శిక్ష పడేలా మనమే ఏర్పాటు చేస్తున్నాం. కఠినమైన శ్రమ తరువాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజుల్లో టెండాన్‌లో కొల్లాజెన్ కూడేదాని కంటే తరిగేదే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. సెమీఫైనల్‌కూ ఫైనల్‌కూ మధ్య మనం ఇస్తున్నది గంట విరామం, ఒక అరటిపండు.

నేల సంగతి కూడా చెప్పాలి. అపార్టుమెంట్లలోనూ టెక్ పార్కుల్లోనూ వాలీబాల్ కోర్టు పేరిట ఉన్నవి చాలావరకు సిమెంటు నేల మీద రంగు గీతలు గీసినవే. కొన్నిచోట్ల కార్లు నిలిపే ఇంటర్‌లాకింగ్ టైల్స్ మీదే నెట్టు కట్టేస్తారు. గట్టి నేల మీద ఆడేవారిలో జంపర్స్ నీ ఎక్కువగా కనబడుతుందని ఇటలీ వైద్యులు 1980లలోనే రాశారు. చెక్క నేల అందరికీ దొరకదని నాకు తెలుసు. నగర శివార్లలో మట్టి నేలలు ఇంకా ఉన్నాయి. పార్కింగ్ సౌకర్యం చూసుకుని సిమెంటు కోర్టును ఎంచుకోవడం మాత్రం నిర్వాహకులు తమకు తాము చేసుకుంటున్న సదుపాయం. బూట్ల విషయంలోనూ అంతే. మడమ దగ్గర దళసరి మెత్త ఉన్న రన్నింగ్ షూలతో పక్కకు కదులుతూ ఎగిరి దిగడం చీలమండకూ మోకాలికీ రెంటికీ చెరుపే.

ఇక వైద్యం. ఎవరైనా మోకాలు నొప్పి అని వస్తే నేను మొదట చేసే పని, కాలు చాపించి చిప్ప కింది కొస మీద బొటనవేలితో నొక్కడం. జంపర్స్ నీ అయితే నొప్పి ఎక్కడో అక్కడ అని కాకుండా రూపాయి బిళ్లంత చోటును ఆటగాడే వేలితో చూపిస్తాడు. తరువాత ఏటవాలు పీట మీద ఒంటికాలితో నిలబెట్టి మెల్లగా మోకాలు వంచమంటాను. ఈ పీట ప్లైవుడ్ ముక్కలతో మా వీధి వడ్రంగి చేసిచ్చినదే. మడమ ఎత్తుగా, వేళ్లు పల్లంగా ఉండేలా 25 డిగ్రీల వాలు. మామూలు నేల మీద ఎన్ని గుంజీలు తీసినా రాని నొప్పి, ఈ పీట మీద ఒకటి రెండుసార్లు వంగేసరికి ఆ బిళ్లంత చోటులోనే పలుకుతుంది. స్కాన్ తీయించే ముందు ఇంతవరకూ చేతితోనే తెలుసుకోవచ్చు. స్కాన్‌లో టెండాన్ దెబ్బతిన్నట్టు కనబడుతూ నొప్పే లేకుండా ఆడుకునేవారు కూడా ఉంటారు కాబట్టి, రిపోర్టు చూసి హడలిపోనక్కరలేదు.

ఈ జబ్బుకు నమ్మదగిన చికిత్స వ్యాయామమే, అదీ బరువుతో, నెమ్మదిగా, నెలల తరబడి. నొప్పి ఎక్కువగా ఉన్న మొదటి వారాల్లో మోకాలిని ఒక కోణంలో వంచి కదపకుండా, నలభై అయిదు సెకన్ల చొప్పున బలం పట్టి ఉంచడం నేర్పుతాం. చాలామందికి దీనితో నొప్పి కొంత సద్దుమణుగుతుంది. ఆ తరువాత కూర్చుని కాళ్లతో బరువును తోసే లెగ్ ప్రెస్, బరువుతో గుంజీలు. లేవడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు లెక్కపెట్టుకుంటూ, వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. మొదట పదిహేను సార్లు చేయగలిగిన బరువుతో మొదలుపెట్టి, 12 వారాల్లో ఆరుసార్లే చేయగలిగినంత బరువుకు చేరాలి. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు; మరునాటికి అది పెరిగిందా లేదా అన్నదే కొలమానం. పెరిగితే బరువు తగ్గిస్తాం, పెరగకపోతే పెంచుతాం. అది కుదిరాకే చిన్న గెంతులు, ఆపై రెండు కాళ్ల ఎగురుళ్లు, చివరికి నెట్టు దగ్గర స్మాష్. కొందరికి మూడు నెలలు చాలు, పాతబడిన కేసుల్లో ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. దీనికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. పీజీ హాస్టల్ పక్కన ఉండే జిమ్‌లో దొరికేవే చాలు.

ఇది విన్నప్పుడు కుర్రాళ్ల ముఖంలో కనబడే నిరుత్సాహం నాకు బాగా తెలుసు. నొప్పి పెట్టే మోకాలితో బరువులు ఎత్తమంటారేమిటని వాళ్ల అమ్మానాన్నలు ఫోన్లో నిలదీస్తారు. పూర్తి విశ్రాంతి అనేది అందరికీ అర్థమయ్యే మందు. నెల రోజులు ఆట మానేస్తే నొప్పి తగ్గుతుంది కూడా. కానీ ఆ నెలలో తొడ కండరం సన్నబడుతుంది, టెండాన్ బలం ఇంకా తగ్గుతుంది, తిరిగి కోర్టులో దిగిన మొదటి ఆదివారమే పాత నొప్పి మళ్లీ పలకరిస్తుంది.

అందువల్లే ఇంజెక్షన్ అంత ఆకర్షణీయంగా కనబడుతుంది. స్టెరాయిడ్ సూది నొప్పిని త్వరగా తగ్గిస్తుంది, అందులో సందేహం లేదు. డెన్మార్క్‌లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో స్టెరాయిడ్ తీసుకున్నవారు, నెమ్మదిగా బరువులెత్తినవారు, పీట మీద వ్యాయామం చేసినవారు పన్నెండు వారాలకు మూడు బృందాలవారూ మెరుగ్గానే ఉన్నారు. ఆరు నెలలకు చూస్తే వ్యాయామం చేసినవారు ఆ మెరుగు నిలబెట్టుకున్నారు, స్టెరాయిడ్ తీసుకున్నవారు వెనక్కి జారారు. పైగా ఆ మందు టెండాన్ పోగులను బలహీనపరచే ప్రమాదం ఉంది. నొప్పి తెలియని స్థితిలో, బలహీనపడిన టెండాన్‌తో ఫైనల్ ఆడడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అరుదుగానైనా అది పూర్తిగా తెగిపోతుంది. ఒకే మోకాలికి ఒకే సీజన్‌లో మూడుసార్లు ఈ సూది వేయించుకుని వచ్చిన యువకుణ్ని నేను చూశాను. మూడుసార్లూ వేసిన ఆసుపత్రి కాగితాల్లో ఒక్కచోట కూడా వ్యాయామం అన్న మాట లేదు.

మన రక్తాన్నే తీసి, యంత్రంలో వేగంగా తిప్పి వేరుచేసి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మోకాలిలో ఎక్కించే పీఆర్‌పీ చికిత్సకు కూడా ఈ నగరంలో గిరాకీ బాగానే ఉంది. జంపర్స్ నీ విషయంలో దాన్ని మందేమీ లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోల్చి చూసిన పరీక్ష 2019లో వెలువడింది. అందరి చేతా వ్యాయామం చేయించారు. ఎక్కించింది పీఆర్‌పీ అయినా ఉప్పునీరైనా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సీజన్ మధ్యలో ఆడుతూనే, నొప్పి ఉన్నచోట ధ్వని తరంగాలను పంపే షాక్‌వేవ్ చికిత్స చేయించుకున్న ఆటగాళ్లకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని నెదర్లాండ్స్ పరీక్ష తేల్చింది. శస్త్రచికిత్సను, పీట మీది వ్యాయామాన్ని పక్కపక్కన పెట్టి 2006లో నార్వే వైద్యులు చూస్తే, కత్తి పట్టినందుకు అదనపు లాభం కనబడలేదు. కనీసం మూడు నెలల వ్యాయామం నిజాయితీగా చేసి చూడకుండా ఆపరేషన్ ఆలోచన చేయకూడదని వాళ్లు తేల్చారు. నా అనుభవమూ అదే చెబుతోంది.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు వచ్చే నొప్పి సంగతి వేరు. చిప్ప కింద ఇంకా కిందికి, కాలి ఎముక మీద బొడిపెలా ఉబ్బి నొప్పి పెడుతుంది. ఎముక ఎదిగే వయసులో టెండాన్ లాగుడు వల్ల వచ్చేది అది. ఎగురుళ్లు కొంతకాలం తగ్గిస్తే చాలావరకు ఎదుగుదలతో పాటే సర్దుకుంటుంది. ఆ పిల్లలకు ఏ సూదీ వేయించకండి.

రెండో రకం గాయానికి వస్తాను. అది మోకాలి లోపల ముందువైపు ఉండే శిలువాకార లిగమెంట్ తెగడం. అందరి నోటా నలిగిన పేరు ఏసీఎల్. తొడ ఎముక, కాలి ఎముక ఒకదాని మీద ఒకటి జారిపోకుండా మోకాలి లోపల కట్టిపడేసే తాడు ఇది. వాలీబాల్‌లో ఎవరూ గుద్దుకోకుండానే ఇది తెగుతుంది. నెట్టుకు దూరంగా పోయిన బంతిని కొట్టి, ఒంటికాలి మీద, మోకాలు లోపలికి వాలిన భంగిమలో దిగితే చాలు. టప్పుమన్న చప్పుడు పక్కవారికి కూడా ఒక్కోసారి వినబడుతుంది. గంట రెండు గంటల్లో మోకాలు బంతిలా ఉబ్బుతుంది. ఇలా త్వరగా వచ్చిన వాపు అంటే చాలాసార్లు లోపల రక్తం చేరిందని అర్థం. మామూలు ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు కాబట్టి, ఎముక విరగలేదని రిపోర్టు వచ్చినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలే స్వభావం, మరికొన్ని శారీరక కారణాల వల్ల ఒకే ఆటలో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ ప్రమాదం ఎక్కువ. అమ్మాయిల జట్లకు శిక్షణ ఇచ్చేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

దెబ్బ తగిలిన రోజున మనవాళ్లలో ఎక్కువమందికి మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఆ పేరుతో బోర్డులు బెంగళూరులోనూ కొదవ లేవు. ఎముకలు అతికించడంలో తరతరాలుగా వారికున్న పేరును నేను తక్కువ చేయను. అయితే లోపల తెగిన ఏసీఎల్‌ను బయటి కట్టు తిరిగి కలపలేదు. పైగా వాచిన మోకాలిని వారాల పాటు కదలకుండా బిగిస్తే కీలు బిగుసుకుపోయి, తొడ కండరం చూస్తుండగానే కరిగిపోతుంది. ఆ తరువాత ఎవరు వైద్యం చేసినా రెట్టింపు కాలం పడుతుంది. కాబట్టి మొదట లిగమెంట్ పరిస్థితి చేతితో పరీక్షించగల డాక్టరుకు చూపించి, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించడం మంచిది.

ఏసీఎల్ తెగిన ప్రతివారికీ ఆపరేషన్ తప్పదనుకోవడం కూడా పొరపాటే. స్వీడన్‌లో 2010లో వెలువడిన పరీక్షలో, ముందు వ్యాయామ చికిత్స చేసి, మోకాలు జారుతూనే ఉంటే అప్పుడు ఆపరేషన్ చేసే పద్ధతిలో ఉంచినవారిలో సగానికి పైగా మందికి రెండేళ్ల దాకా ఆ అవసరం రాలేదు. మళ్లీ నెట్టు దగ్గర ఎగరాలి, పక్కకు మళ్లాలి అనుకునే ఆటగాళ్లకు మాత్రం వైద్యులు సాధారణంగా ఆపరేషన్‌నే సూచిస్తారు. తొడ వెనక నుంచో, చిప్ప కింది పట్టీ నుంచో కొంత ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. చిప్ప కింది పట్టీ నుంచి తీస్తే మోకాలి ముందు భాగంలో నొప్పి మిగిలే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి, ఎగిరే ఆటగాళ్లు ఈ సంగతి సర్జనుతో ముందే మాట్లాడుకోవాలి. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాపగలిగిన తరువాతే ఆపరేషన్ టేబుల్ ఎక్కితే కోలుకోవడం సులభం.

ఆపరేషన్ తరువాత ఇళ్లలో ప్రేమతో జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. ఊరి నుంచి వచ్చిన తల్లి, కొడుకు కాలు సుఖంగా ఉండాలని మోకాటి కింద మెత్తటి దిండు పెడుతుంది. సుఖంగానే ఉంటుంది, కానీ మోకాలు అదే వంపులో బిగుసుకుని, నిటారుగా చాపడం రాకుండా పోతుంది. చాపలేని మోకాలితో నడిస్తే కుంటు, కుంటితే తొడ ఇంకా సన్నబడడం. "అమ్మా, దిండు మోకాటి కింద వద్దు, మడమ కింద పెట్టండి" అని ప్రతి ఇంట్లోనూ చెప్పాల్సి వస్తుంది. మొదటి రెండు వారాల్లో మోకాలు పూర్తిగా చాపించడం కంటే ముఖ్యమైన పని నాకు తెలిసి మరొకటి లేదు.

అసలు పరీక్ష ఆ తరువాతి నెలలది. కొత్తగా అమర్చిన ముక్క మొదటి నెలల్లో బలపడడానికి బదులు ముందు బలహీనపడుతుంది. అది లిగమెంట్‌గా మారేందుకు చాలా కాలం పడుతుంది. నాలుగో నెలకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, పరుగు కూడా వచ్చేస్తుంది. అందరూ తొందరపడేది అక్కడే. నార్వే నుంచి 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగి రావడాన్ని ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగం తగ్గింది. క్యాలెండర్ ఒక్కటే చాలదు. దెబ్బ తగిలిన కాలి తొడ బలం రెండో కాలిలో కనీసం 90 శాతానికి చేరాలి, ఒంటికాలి గెంతులో రెండు కాళ్లూ దాదాపు సమానంగా రావాలి, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు.

దీనికి మరో అడ్డంకి బీమా. కంపెనీలు ఇచ్చే గ్రూపు పాలసీలు ఆపరేషన్ ఖర్చు సాధారణంగా భరిస్తాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అయ్యే ఖర్చులను మాత్రం చాలా పాలసీలు 60 రోజులకో 90 రోజులకో ఆపేస్తాయి. తొమ్మిది నెలల చికిత్సలో మొదటి మూడోవంతుకే బీమా ఉందన్నమాట. మూడో నెల దాటగానే ఫిజియోథెరపీకి రావడం మానేసేవారిని నేను తప్పుపట్టలేను. టెక్ పార్కుల్లో పోటీలకు డబ్బులిచ్చే కంపెనీలు తమ ఉద్యోగుల పాలసీలో ఈ ఒక్క నిబంధన మార్పించగలిగితే, టీషర్టులు పంచడం కంటే మేలు చేసినవారవుతాయి.

క్రికెట్‌లో ఈ ఓపిక మనకు బాగానే ఉంది. 2022 డిసెంబరులో కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్న రిషబ్ పంత్ మళ్లీ పోటీ క్రికెట్ ఆడింది 2024 మార్చిలో. ఈ నగరంలోని జాతీయ క్రికెట్ అకాడమీలోనే అతను నెలల తరబడి కోలుకున్నాడు. ఇంకా ఎందుకు ఆడడం లేదని ఎవరూ దెప్పలేదు. వాలీబాల్ మనకు తక్కువ ఆటేమీ కాదు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు అందులో పి.వి. రమణ ఉన్నారు, పి.వి. సింధు తండ్రిగానే ఆయన్ను ఎరిగిన ఈ తరానికి ఆ సంగతి ఎంతవరకు తెలుసో. 2022లో మొదలైన ప్రైమ్ వాలీబాల్ లీగ్‌లో హైదరాబాద్‌కూ బెంగళూరుకూ జట్లున్నాయి. టీవీలో చూసి మన కుర్రాళ్లు వాళ్ల జంప్ సర్వ్‌ను అనుకరిస్తున్నారు. ఆ సర్వ్ వెనక ఉండే వారమంతటి శిక్షణ టీవీలో కనబడదు.

నిర్వాహకులు చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పదహారు జట్ల టోర్నమెంటును ఒకే ఆదివారం ముగించాలన్న పట్టుదల వదిలి, సెమీఫైనళ్లు, ఫైనల్ మరుసటి ఆదివారానికి జరపవచ్చు. ఒక రోజులో ఒక జట్టు ఇన్ని సెట్లకు మించి ఆడకూడదని ముందే నిర్ణయించి, జట్టులో పన్నెండు మందిని నమోదు చేసుకోనిచ్చి, మార్చి మార్చి ఆడించేలా చూడవచ్చు. ఆట మొదలయ్యే ముందు నెట్టు దగ్గర స్మాషులు కొట్టి చేతులు దులుపుకునే అలవాటుకు బదులు, పదిహేను నిమిషాలు మోకాళ్లు వంచి మెత్తగా దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాలకు వ్యాయామం చేయించవచ్చు. ఇలాంటి సన్నాహం క్రమం తప్పకుండా చేసిన జట్లలో ఏసీఎల్ గాయాలు సుమారు సగానికి తగ్గాయని పలు క్రీడల్లో జరిగిన పరిశీలనల్లో తేలింది. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని వచ్చినవారిని ఆ రోజు ఆడించబోమని నిబంధన పెడితే మరీ మంచిది. ఎవరు వేయించుకున్నారో ఎలా తెలుస్తుందని అడగవచ్చు. జట్టులో ఆ సంగతి అందరికీ తెలుస్తుంది. ఇప్పటిదాకా మీకు చెప్పి పత్రికలో వేయించుకుంటున్నది కూడా వాళ్లే.

మీకు నా విన్నపం రెండు విషయాల్లో. ఇంజెక్షన్‌తో ఆడిన ఆటను పొగిడే వాక్యాన్ని వార్త దిద్దేటప్పుడు తీసేయండి. టోర్నమెంటు ప్రకటన అచ్చువేసేటప్పుడు ప్రవేశ రుసుము, బహుమతి మొత్తంతో పాటు, కోర్టు మట్టిదా సిమెంటుదా, ఒక రోజులో ఒక జట్టు గరిష్ఠంగా ఎన్ని సెట్లు ఆడాల్సి ఉంటుంది అన్న రెండు వివరాలు కూడా నిర్వాహకులను అడిగి వేయండి. సంక్రాంతి టోర్నమెంట్ల ప్రకటనలు మీకు డిసెంబరు నుంచే అందడం మొదలవుతుంది కాబట్టి, అప్పటి నుంచే ఇది అమలు చేయవచ్చు.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు,
కృష్ణరాజపురం, బెంగళూరు